మోటార్లు ఆపి మాట్లాడు

యూట్యూబ్ ఛానెల్ అమ్మాయి మైకు ముందుకు జరిపి అడిగింది: "ఇంత బాధ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ పాట వెనక కథేంటి?"

మా ఫ్లాట్లో ఉండే పిల్ల గిటారు ఒళ్లో పెట్టుకుని, కళ్లు దించుకుని, మమ్జార్ బీచ్ అంది, ఒక అబ్బాయి అంది, వాడికి ఇంటి దగ్గర వేరే సంబంధం కుదిరిందంది. అడిగిన అమ్మాయి టిష్యూతో కళ్లద్దుకుంది. నేను బర్ దుబాయ్‌లో, నా మంచం మీద కూర్చుని ఫోన్లో అది చూస్తూ, "ఓరి దీని దుంప తెగ, ఎంత చక్కగా అబద్ధమాడుతోందో!" అనుకున్నాను. బీచ్ లేదు, అబ్బాయి లేడు. ఆ అబద్ధం చెప్పి తీరాలని దానిచేత ఒట్టు పెట్టించింది నేనే.

పాట గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ ఉండదు. మెల్లగా గిటారు మోగుతుంటుంది. ఆ పిల్ల ఒక ప్రశ్న పాడుతుంది. జవాబు రావలసిన చోట ఊరుకుంటుంది. అక్కడ గిటారు ఒక్కటే కాసేపు వాయిస్తుంది. మళ్లీ ఇంకో ప్రశ్న. తిన్నావా అంటుంది, ఖాళీ. వానొచ్చిందా అంటుంది, ఖాళీ. మోటారు ఆపి ఒక్క మాట చెప్పవా అంటుంది, ఖాళీ. చివరికి ఇంకేంటి, ఇంకేంటి అని అడుగుతూనే అయిపోతుంది. ప్రేమ విఫలమైనవాళ్లంతా ఆ ఖాళీల దగ్గరే ఏడుస్తారట. కింద కామెంట్ల నిండా అదే గోల.

ఆ ఖాళీల్లో ఏముందో లోకంలో ఇద్దరికే తెలుసని నేను నమ్మాను. ఒకరు నేను, రెండో మనిషి మా ఆయన.

మాది నెల్లూరు పక్క. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరం ఇక్కడికి వచ్చాం. ఆయన ఒక కార్గో కంపెనీలో వ్యాను నడిపేవాడు, నేను మీనా బజారు సందుల్లో లేడీస్ టైలరింగ్ షాపులో కొలతలు తీసేదాన్ని. ఇప్పటికీ అదే పని. కరోనా ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. జనాన్ని తీసుకెళ్లడానికి వేసిన ప్రత్యేక విమానాల్లో ఒకదాంట్లో ఆయన ఊరికి వెళ్లిపోయాడు. షాపు మళ్లీ తెరిచారు కాబట్టి నేను ఉండిపోయాను. "పరిస్థితి కుదుటపడగానే వచ్చేస్తా" అన్నాడు. పరిస్థితి కుదుటపడింది. ఈయన మాత్రం వాళ్ల పెదనాన్న కొడుకుతో కలిసి రొయ్యల గుంటలు కౌలుకు పట్టాడు. "ఈ పంట తీసి వస్తా" అన్నాడు. తర్వాత ఇంకో పంట, ఆ తర్వాత ఇంకోటి.

రొయ్యల గుంట సంగతి తెలియనివాళ్లకు ఒక్కమాట చెప్పాలి. నీళ్లలో గాలి కలవడానికి గుంట నిండా మోటార్లు పెడతారు, అవి చక్రాలు తిప్పి నీళ్లని చిలుకుతుంటాయి. ఆయన కట్ట మీద నిలబడే నాతో మాట్లాడేవాడు. నాకు ఆయన గొంతు సగం, మోటార్ల హోరు సగం వినపడేది. "ఏమయ్యా, మోటార్లు ఆపి మాట్లాడు" అనేదాన్ని. "ఆపితే రొయ్యలు చస్తాయే" అనేవాడు. ఫోను చేసిన ప్రతిసారీ మా ఇద్దరికీ ఈ ముక్క తప్పదు. గుళ్లో పూజారి మంత్రంలా అలవాటైపోయి, అడిగేదాన్ని నేనూ ఆలోచించేదాన్ని కాదు, చెప్పేవాడూ ఆలోచించేవాడు కాదు.

ఆయన వెళ్లాక నేను ఆడవాళ్లుండే ఒక షేరింగ్ ఫ్లాటుకి మారాను. హాలుకి మధ్యలో చెక్క కొట్టి రెండు గదులు చేశారు. ఇటు నేను, అటు ఈ పిల్ల. దానిది కరీంనగర్ పక్క పల్లె. జెబెల్ అలీలో ఒక గిడ్డంగిలో బిల్లింగ్ పని, షిఫ్టులు. సెలవు దొరికితే ఇంకో నలుగురితో కలిసి పార్టీల్లో పాడేది. ఏసీ ఒక్కటే కాబట్టి చల్లగాలి రెండు వైపులకీ పోవాలని ఆ చెక్కని పైకప్పు దాకా కొట్టలేదు. గోడలకు చెవులుంటాయంటారు, మాకు గోడే సరిగా లేదు.

అందుకే మా ఫ్లాట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసి అంటించలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఒకరికి ఇంటి నుంచి ఫోనొస్తే మిగతావాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. తలుపు వేసుకున్నట్టే లెక్క. అవతలివాళ్ల చెవుల్లో ఆ తీగలు చూశామంటే ఇక ఏడ్చినా, తిట్టినా, మొగుణ్ని ముద్దుగా పిలిచినా భయం లేదు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా వారంలో పట్టేసేవారు. మధ్యాహ్నం షాపు మూసే విరామంలో నేను రూముకి వచ్చి, అన్నం తిని ఆయనకి ఫోను చేసేదాన్ని. ఆ పిల్లకి రాత్రి షిఫ్టులున్న వారాల్లో అది మంచం మీదే ఉండేది. నేను ఫోను చేతిలోకి తీసుకోగానే ఠక్కున ఇయర్‌ఫోన్లు తగిలించుకునేది. "మంచి పిల్ల" అని మురిసిపోయి, నేను ధైర్యంగా మాట్లాడుకునేదాన్ని.

రెండేళ్ల కిందటి సంగతి. ఒక శనివారం కరామాలో ఒక హోటలు హాల్లో తెలుగు కుటుంబాలవాళ్లు కలుసుకుంటుంటే ఈ పిల్ల బృందాన్ని పాడమని పిలిచారు. "అక్కా, కొత్త పాట పాడుతున్న. నువ్వైతే పక్కా రావాలె" అని చేయి పట్టుకుని లాక్కెళ్లింది. ప్లేటులో బిర్యానీ పెట్టుకుని వెనక వరసలో కూర్చున్నాను.

"తిన్నావా" అని మొదలెట్టింది. బాగుందే అనుకున్నాను. "వానొచ్చిందా" అంది. తల ఊపాను కూడా. "మోటారు ఆపి ఒక్క మాట చెప్పవా" అంది.

నోటిదాకా తెచ్చిన ముద్ద ప్లేటులోనే వదిలేశాను. చుట్టూ చూశాను. ఎవరూ నా వైపు చూడట్లేదు. పక్కన కూర్చున్న ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుని, "పాపం ఎవడో గానీ, ఎంత క్షోభ పెట్టాడో ఈ పిల్లని" అంది. వీధిలో నిలబెట్టి ఎవరో నా కొంగు లాగినట్టుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనూ కొట్టాను, కొట్టకపోతే అనుమానం వస్తుందేమోనని.

రూముకి రాగానే దాన్ని పట్టుకున్నాను.

"ఏందే ఇది? నా మాటలు నువ్వెట్టా పాడతావు? చెవుల్లో అవి పెట్టుకుని దొంగతనంగా వింటుండావా ఇన్నాళ్లూ?"

"నీ మీద ఒట్టక్కా, వినాలని వినలే. గీ చెక్కకు అవతల నువ్వు, ఇవతల నేను, పైనంతా ఖుల్లా. నేనేడికి పోవాలె?"

"మరి ఆ ఇయర్‌ఫోన్లు?"

ఆ పిల్ల తలదించుకుంది. "అవి ఖరాబై శానా రోజులాయె. ఒక్క చుక్క సప్పుడు రాదు. నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటే నేను ఉత్తగ కూసుంటే నీకు మంచిగనిపియ్యదని పెట్టుకునేదాన్ని."

కోపం సగంలో ఆగిపోయింది. ఏం తిట్టాలి దాన్ని? నా మర్యాద కాపాడటానికి చచ్చిన తీగలు చెవుల్లో పెట్టుకుని కూర్చుంది. అయినా నోరు ఊరుకోలేదు.

"సరే, విన్నావు. బ్రేకప్ పాటెందుకు కట్టావే? మాకేం బ్రేకప్? మేం మొగుడూ పెళ్లాలం. పెళ్లయినోళ్లకి బ్రేకప్ ఏంది?"

"మరి నాకు గట్లనే వినవడ్డది అక్కా. నువ్వడుగుతనే ఉంటవు. ఆయన జవాబు నాకెట్లాగూ వినవడది. కానీ నువ్వు మళ్ల అడిగే తీరు చూస్తే, అటు దిక్కు ఏం లేదనిపిస్తది. నీతోని ఎట్ల చెప్పాలెనో తెల్వలే. అందుకే పాడిన. నీకర్థమైతదని పిలిచిన."

"నోర్ముయ్!" అన్నాను. ఆ కేక ఫ్లాటంతా వినపడి, వంటింట్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

నా భయం దాని పాట గురించి కాదు, మా ఆయన గురించి. ఆయనకి ఇంటి మాట గడప దాటితే పిచ్చి కోపం. ఒకసారి ఆయన రాత్రిళ్లు గుంటల దగ్గరే పడుకుంటున్నాడని, వేళకి తినట్లేదని మా ఆడబిడ్డతో అన్నాను. బాధకొద్దీ అన్న మాట, అంతే. "మనింటి మాట ఇంకో ఇంట్లో ఎందుకు ఉడకాల?" అని నెల పైన నాతో మాట్లాడలేదు. అటువంటి మనిషికి, మా మాటలు పాటై ఊరేగుతున్నాయని తెలిస్తే? "ఈ పంట తీసి కచ్చితంగా వస్తా" అన్నాడు ఈసారి. నేను ఈ చెక్క గది వదిలేద్దామని చిన్న స్టూడియో ఫ్లాటు, ఒకే గదిది, ఒకటి చూసి కూడా వచ్చాను. కిటికీలోంచి సందు కనిపిస్తుంది, ఇద్దరికి సరిపోతుంది. ఇప్పుడు ఈ పాట ఆయన చెవిన పడిందా, ఇక రావడం మాట దేవుడెరుగు, "నీకూ నాకూ చెల్లు" అంటాడు. నాకు కావలసింది ఒక్కటే, ఆయన వచ్చేదాకా ఆ పాట నెల్లూరు చేరకూడదు.

"ఎక్కడా పెట్టొద్దు" అని బతిమాలాను. అప్పటికే దాని బృందంలో ఎవరో వీడియో పెట్టేశారు. "ఖలాస్ అక్కా, చేయి దాటిపోయింది" అంది ఏడుపు ముఖంతో. కనీసం నీ కథే అని చెప్పమని ఒట్టు వేయించుకున్నాను. మరుసటి రోజు నా సొంత ఇయర్‌ఫోన్లు, మంచివి, తీసి దాని చేతిలో పెట్టాను. "ఇకనైనా పాటలు విని చావు" అన్నాను.

తర్వాత నేను పడ్డ పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. రీల్స్ తెరిస్తే అదే, లిఫ్టులో ఎవరి ఫోనో మోగితే అదే. షాపులో ఒక తెలుగావిడ జాకెట్టు కొలతలకి చేతులు పైకెత్తి నిలబడి, "మోటారు ఆపి ఒక్క మాట చెప్పవా" అని కూనిరాగం తీసింది. టేపు నా చేతిలోంచి జారిపోయింది. "ఏమ్మా, మీరూ ఏడ్చారా ఈ పాటకి?" అంది. "అబ్బే, నాకా? నేనెందుకు ఏడుస్తానండీ?" అన్నాను గట్టిగా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. ఆవిడ జాకెట్టు బిగుతైపోయి వెనక్కొచ్చింది. మా ముదీర్, అదే మా మేనేజరు, అందరి ముందూ కేకలేశాడు: "ధ్యాన్ కిధర్ హై? యల్లా, ఫిర్ సే నాప్ లేలో!" కొలిచాను మళ్లీ. కొలుస్తుంటే కూడా మనసులో అదే లెక్క. ఆయన స్నేహితుల్లో ఎవరు ఎక్కువ పాటలు వింటారు? మా ఆడబిడ్డ కొడుకు ఫోన్లో ఏం చూస్తుంటాడు?

మధ్యాహ్నం ఫోను చేయాలంటే భయం. ఆయన "ఆఁ" అన్నా అందులో కోపం వెతికేదాన్ని. పాటలో ఉన్న మాటలు నోటి నుంచి రాకుండా చూసుకోవాలి కదా, "తిన్నావా" అనడం మానేశాను. "భోజనం అయిందా" అనేదాన్ని, ఏదో పెళ్లివారిని పలకరించినట్టు. మోటార్ల మాట అసలు ఎత్తలేదు. హోరులో ఆయనేమన్నాడో తెలియకపోయినా "ఆఁ, ఆఁ" అనేదాన్ని. ఆయనకి ఈ మార్పేదీ తెలిసినట్టు లేదు. ఒకరోజు, "నీతో ఒక మాట చెప్పాలే" అన్నాడు. అయిపోయింది, తెలిసిపోయింది అనుకుని మంచం పట్టీ పట్టుకున్నాను. "నాలుగో గుంటలో మోటారు కాలిపోయింది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎన్నడూ లేనిది, మోటారు కాలినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ యూట్యూబ్ ఇంటర్వ్యూ వచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, నేను ఇంకా కంచం కడగకముందే ఫోను మోగింది. ఆయనే. ఎప్పుడూ నేనే చేస్తాను, ఆయన చేయడమంటే ఏదో ఉన్నట్టే. చెక్కకి అవతల ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకోవడం చెక్క పలకల సందులోంచి కనిపించింది.

"ఏందే, ఒక వీడియో పంపిచ్చుండా, చూసినావా?"

తెరిచి చూశాను. ఆ పిల్ల ముఖం, ఆ గిటారు. ఇన్నాళ్లూ ఎన్ని సంజాయిషీలు సిద్ధం చేసుకున్నానో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"చూశా" అన్నాను.

"ఈడ మా గుంటల కాడ అందరూ అదే పాట. నాకూ బో పట్టేసింది. ఆ పిల్ల మీ దుబాయ్‌లోనే ఉంటాదంట గదా! పాపం, ఎవడో మోసం జేసినాడంట. మమ్జార్ అంటా ఉంది, ఆ బీచికి మనం కూడా పోయినాం, గుర్తుండాదా?"

గుర్తుంది. పాట వెనక చెప్పిన కథలో అబద్ధం ఏదో, దాన్నే గుర్తుపట్టాడు.

"పాటంతా బాగుండాది గానీ" అన్నాడు, "మజ్జిలో మోటారు ఆపమంటాదే, అదే నాకర్థం కాలా. కారంటావా, బైకంటావా?"

ఆయన వెనక మోటార్లు హోరుమంటున్నాయి.

తెలిస్తే తిడతాడని, మాట్లాడడని, తెగతెంపులు చేసుకుంటాడని భయపడ్డాను. తెలియకపోవచ్చన్నది నా బుర్రకి తట్టనే లేదు. మూడేళ్లు నేను అడిగిన మాటలు ఎవరో ముక్కూ ముఖం తెలియని పిల్ల పాడితే ఊరంతా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరిని అడిగానో ఆ మనిషికి మాత్రం అవి కొత్తగా ఉన్నాయి. కోపమొచ్చింది, పట్టరాని కోపం. దానికింద ఏడుపు.

"ఏమయ్యా" అన్నాను, "మోటార్లు ఆపి మాట్లాడు."

"ఆపితే రొయ్యలు చస్తా..." అని ఆగిపోయాడు.

ఆ మాట మధ్యలో ఆగడం నేను ఎప్పుడూ వినలేదు. తర్వాత కట్ట మీద చెప్పుల చప్పుడు. ఒక మోటారు ఆగింది. ఇంకొకటి. అన్నీ ఆగిపోయాయి. అటువైపు గాలి వినపడింది, ఏదో పిట్ట వినపడింది, ఆయన ఊపిరి కూడా వినపడింది. ఇంత దగ్గరగా ఆయన నాకు వినపడి ఎన్నేళ్లయిందో.

"అవి నీ మాటలని నాకు తెలీదే" అన్నాడు. "చెప్పు ఇప్పుడు."

తిన్నావా అని నోటిదాకా వచ్చింది. అది పాటలో మొదటి మాట. వానొచ్చిందా? అదీ పాటలోదే. నా దగ్గరున్నవన్నీ పాటలోకి వెళ్లిపోయాయి. నేను ఎప్పుడూ అడగనిది ఒక్కటే మిగిలింది. అడిగితే ఏం వస్తుందో అన్న భయంతో, ప్రతి పంటకీ "సరే" అంటూ దాటేసిన ప్రశ్న.

"నువ్వు ఇక్కడికి వస్తావా, రావా?"

జవాబు రాలేదు. గాలి వినపడుతూనే ఉంది. పిట్ట వినపడుతూనే ఉంది. ఈసారి మోటార్ల మీద నెపం పెట్టడానికి లేదు. ఆ పిల్ల చెప్పింది నిజమే, అటు దిక్కు ఏం లేదు. అది దొంగిలించిందని తిట్టానే గానీ, నాకంటే ముందు వినగలిగింది అదే.

ఎండ మండిపోయే వేళ. గుంటల్లో రొయ్యలు నీళ్ల పైకి తేలడం మొదలెడతాయి. వాటి మీద జాలేసింది, ఆయన మీద కూడా వేసింది.

"సరేలే" అన్నాను. "మోటార్లు ఏసుకో. రొయ్యలు చస్తాయి."

"ఊఁ" అన్నాడు. ఒక్కో మోటారూ మళ్లీ అందుకుంది. ఎవరం ముందు ఫోను పెట్టేశామో గుర్తు లేదు. పెద్దమనుషులు, కాగితాలు, సంతకాలు అన్నీ తర్వాతెప్పుడో నిదానంగా జరిగాయి, ఎవరూ గొడవ కూడా పడలేదు. నా వరకూ మేం విడిపోయింది మాత్రం ఆ మోటార్లు ఆగి ఉన్న కాసేపట్లోనే.

ముఖం కడుక్కుని కంచం తీసుకుని వస్తుంటే ఆ పిల్ల తలెత్తి చూసింది. చెవుల్లో నేనిచ్చిన ఇయర్‌ఫోన్లు. లోపల పాట నాకు కూడా సన్నగా వినపడేంత గట్టిగా మోగుతోంది. ఆ ఒక్కరోజు నిజంగానే ఏమీ వినలేదు అది. ఒక చెవిలోది తీసి, "ఏమైందక్కా?" అంది.

"ఏం లేదు" అన్నాను. "తిన్నావా?"

"లేదక్కా" అంది. కంచం కడిగి దానికి అన్నం పెట్టాను.